సారు తొడుక్కున్న కోటు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి ఫోన్ చేసి, "సార్, ఉన్నత విద్యలో వచ్చిన మార్పుల మీద ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పినవాడికి అంత పెద్ద విషయం ఇస్తే మీరు మధ్యాహ్నం భోజనాలకు లేవలేరు. అందుకని చిన్న విషయం ఎంచుకున్నాను. యూనివర్సిటీలో పాఠం చెప్పేవాళ్ళు ఏం తొడుక్కుని వస్తారు, వాళ్ళను చూసి విద్యార్థులు ఏమనుకుంటారు. ఇదీ నా విషయం.

నవ్వుతున్నారు. ఇది కాశిబుగ్గ. ఒక పక్క కొత్తవాడ మగ్గాలు, ఇంకో పక్క ఎనుమాముల మార్కెట్. 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లులో పనిచేసిన వాళ్ళ పిల్లలు, మనుమలు, మనుమరాండ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. బట్ట గురించి మాట్లాడటానికి ఇంతకన్నా తగిన సభ నాకు ఇంకెక్కడ దొరుకుతుంది?

మా నాయిన కొత్తవాడలో జంఖానాలు నేసేవాడు. 2018లో వరంగల్ జంఖానాలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, దాన్ని చూడటానికి ఆయన లేడు. ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా, పలకరింపు కాగానే, వాళ్ళ అంగీ కొసను బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నలిపి చూసేవాడు. నూలు ఏ నంబరు, కలనేత ఉందా లేదా, ఎన్ని ఉతుకులు ఆగుతుంది, అన్నీ చెప్పేవాడు. మనిషి ఎట్లాంటివాడు అన్నది మాత్రం బట్టను బట్టి ఎన్నడూ చెప్పలేదు. ఆ తేడా నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఈ ఇరవై నిమిషాలూ దాని గురించే.

ముందు మన బడి సంగతి. నేను 1977లో ఇక్కడ పదో తరగతి పాసయ్యాను. మా లెక్కల సారుకు రెండు తెల్ల అంగీలు ఉండేవి. ఒకదాని జేబు కింద సిరా మరక. అది చూసి ఈరోజు ఏ అంగీయో మేం పందెం వేసుకునేవాళ్ళం. ఒకసారి ఆయన కొత్త నీలం అంగీ వేసుకొచ్చారు. క్లాసంతా గుసగుసలు. ఆ రోజు ఆయన బోర్డు వైపు తిరిగే ఎక్కువసేపు నిలబడ్డారు. సిగ్గుపడ్డారని మాకు అప్పుడు తెలియలేదు. ఉపాధ్యాయ మిత్రులారా, మనం పిల్లలను చూస్తున్నామని అనుకుంటాం. నలభై, యాభై జతల కళ్ళు మనల్ని తల నుంచి చెప్పుల దాకా చూస్తున్నాయన్నది మరిచిపోతాం. తెగిన గుండీ, చంక కింద చెమట, చెప్పుకు పడ్డ కుట్టు, అన్నీ వాళ్ళ లెక్కలో ఉంటాయి.

ఇక యూనివర్సిటీ. నేను ఎం.ఏ. అర్థశాస్త్రం చదివింది ఎనభైల మొదట్లో. అప్పుడు సఫారీ సూట్ల కాలం. అదే కాలంలో లాల్చీ పైజమా, భుజానికి సంచీ వేసుకునే సార్లు కూడా ఉండేవారు. వరంగల్‌లో ఆ రోజుల్లో గోడల మీద ఏ రాతలు ఉండేవో మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. సఫారీ వేసుకున్న సారు ప్రభుత్వం మనిషి, లాల్చీ వేసుకున్న సారు మన మనిషి. విద్యార్థులుగా మేం చేసిన విభజన అంత సులువు. నాకు పరీక్ష ఫీజు కట్టే దారి లేనప్పుడు లాల్చీ సారు వర్గ సమాజం గురించి గంటసేపు చక్కగా వివరించి పంపారు. సఫారీ సారు ఏమీ మాట్లాడకుండా జేబులోంచి డబ్బు తీసి ఇచ్చి, "ఎవరికీ చెప్పకు" అన్నారు. ఇన్నేళ్ళ తర్వాత ఆయన మాట జవదాటుతున్నాను, పేరు చెప్పకుండా. లాల్చీలన్నీ అట్లాంటివని కాదు, సఫారీలన్నీ ఇట్లాంటివనీ కాదు. మా కళ్ళు ఎంత తొందరపడ్డాయో చెప్పడానికే.

గురువు దుస్తుల మీద ఈ చూపు కొత్తదేమీ కాదు. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారిని తలుచుకోగానే మనకు ముందు కనిపించేది తెల్ల తలపాగా, పొడుగు కోటు. తత్త్వశాస్త్రం మీద ఆయన రాసిన పుస్తకాలు చదివినవాళ్ళు తక్కువ, ఆ తలపాగా గుర్తున్నవాళ్ళు ఎక్కువ. ఇటు మన వైపు, 1918లో మొదలైన ఉస్మానియా పాత ఫొటోలు చూడండి. షేర్వానీలే షేర్వానీలు. చదువు చెప్పేవాళ్ళూ, చదువుకునేవాళ్ళూ, హిందువులూ, ముస్లింలూ షేర్వానీల్లోనే కనిపిస్తారు. అందులో ఒక సమానత్వం ఉంది. షేర్వానీ కుట్టించుకోగలిగిన వాళ్ళ మధ్య సమానత్వం. దాని ఖర్చు భరించలేనివాడు అసలు ఆ ఫొటోలోకే రాలేదు.

నేను 1987లో లెక్చరర్‌గా చేరాను. సన్నగా, మీసం సరిగా రాకుండా ఉండేవాణ్ణి. మొదటి ఏడాది పరీక్షల డ్యూటీకి వెళితే, తలుపు దగ్గర నిలబడ్డ ఉద్యోగి చెయ్యి అడ్డం పెట్టి "హాల్ టికెట్ ఏదీ?" అన్నాడు. వెనక ఉన్న విద్యార్థులు నవ్వారు. నాకు తల కొట్టేసినట్లయింది. ఆ నెల జీతంలో సగానికి పైగా పెట్టి కోటు కుట్టించుకున్నాను. ముదురు నీలం రంగు, పాలిస్టర్ కలిసిన బట్ట. ఇంటికి తెస్తే నాయిన అలవాటు ప్రకారం నలిపి చూశాడు. "నూలు పేరుకే ఉన్నది. గాలి ఆడది. ఎండకాలం ఎట్ల తొడుక్కుంటవు బిడ్డా?" అన్నాడు. తొడుక్కున్నాను. వరంగల్ ఎండలో మార్చి నెలలో కూడా తొడుక్కున్నాను.

కోటు పనిచేసింది. నేను లోపలికి రాగానే క్లాసు నిశ్శబ్దమయ్యేది. అటెండర్ లేచి నిలబడేవాడు. ఎవరూ హాల్ టికెట్ అడగలేదు. మరో సంగతి కూడా జరిగింది. ఎవరూ సందేహాలు అడగడం కూడా లేదు. దాన్ని నేను గౌరవం అనుకున్నాను.

అమెరికాలో 1996లో కొందరు పరిశోధకులు ఈ సంగతినే పరీక్షించి చూశారు. పాఠం చెప్పేవాళ్ళు హుందాగా సూటులో వస్తే వీళ్ళకు విషయం బాగా తెలుసని విద్యార్థులు అనుకున్నారు. మామూలు బట్టల్లో వస్తే వీళ్ళు కలుపుగోలు మనుషులు, పాఠం ఆసక్తిగా ఉంది అన్నారు. అంటే కోటుతో ఒకటి వస్తుంది, ఇంకొకటి పోతుంది. ఆ పరిశోధన నేను చదివింది చాలా తర్వాత. ముందుగా చదివినా నాకు ఎక్కేది కాదేమో. నాకు ఆ పాఠం చెప్పింది వేరే మనిషి.

1991 మార్చి నెల. నా క్లాసులో వెనుక బెంచీలో ఒక అబ్బాయి కూర్చునేవాడు. పేరు చెప్పను. ఒక ఉదయం ఆలస్యంగా వచ్చాడు. నలిగిన అంగీ, కాళ్ళకు హవాయి చెప్పులు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లోపలికి వచ్చి నడుస్తుంటే వరుసగా ఒక్కొక్కళ్ళూ తుమ్మడం మొదలుపెట్టారు. దగ్గులు, నవ్వులు. నాకూ ముక్కు మండింది. పాఠం ఆగిపోయింది. నాకు కోపం వచ్చింది. "క్లాసుకు వచ్చేటప్పుడు మనిషిలాగ తయారై రావాలె. బయటికి పో" అన్నాను. అతను ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్ళిపోయాడు. ఆ రోజు నేను చెబుతున్న పాఠం పేరు దారిద్ర్యరేఖ.

మర్నాడు రాలేదు. ఆ వారం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. హాజరు పట్టీలో అతని పేరు ఎదురుగా చుక్కలు పెట్టుకుంటూ పోయాను, అంతే.

నెలకు పైగా గడిచాక ఒక ఆదివారం ఇంటికి వచ్చాను. నాయినకు బీడీలు తేవడానికి లుంగీ, బనీను మీదే బయటికి వెళ్ళాను. మార్కెట్ రోడ్డు మీద చాయ్ హోటల్ దగ్గర హమాలీలు కూర్చుని ఉన్నారు. తలకు తువ్వాలు చుట్టుకుని వాళ్ళలో ఒకడు నన్ను చూసి తల తిప్పుకున్నాడు. మళ్ళీ చూశాడు. గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"సార్... మీరు ఇక్కడ?"

"మా ఇల్లు ఇక్కడనే గదా. ఆ సందులో."

"మీరు హైదరాబాద్ సారనుకున్న సార్."

నేనేం మాట్లాడలేదు. అతనే అన్నాడు, "కాశిబుగ్గ అని తెలిస్తే ఆ రోజే చెప్పేవాణ్ణి సార్. రాత్రంత మిర్చి బస్తాలు దించి, అటునుంచి అటే వచ్చిన. రూముకు పోయి తానం చేస్తే క్లాసు పోతదని."

మార్చి నెలలో ఎనుమాముల మార్కెట్ ఎట్లా ఉంటుందో మీకు చెప్పాలా? మిర్చి సీజన్‌లో ఆ ఘాటు మన ఇళ్ళలోకి వచ్చేది. ఆ ఘాటులో పెరిగినవాణ్ణి నేను. అతను నా పక్కనుంచి నడిచి వెళితే తుమ్మింది నా ముక్కే. గుర్తుపట్టాల్సింది కూడా నా ముక్కే. కోటు తొడుక్కున్న నాలుగేళ్ళలో నా ముక్కు కూడా హైదరాబాద్ వెళ్ళిపోయింది.

సోమవారం అతని హాజరు కోసం తిరిగాను. మినహాయింపు దరఖాస్తుకు గడువు దాటిపోయింది. ఆ ఏడు అతను పరీక్ష రాయలేకపోయాడు. మరుసటి ఏడు రమ్మని కబురు పెట్టాను, ఇద్దరు స్నేహితులతో చెప్పించాను. రాలేదు. తర్వాత కొన్నేళ్ళు మార్కెట్ దగ్గర కనిపించేవాడు. "బాగున్నరా సార్" అనేవాడు. ఒక్కసారి కూడా నన్ను నిష్ఠూరమాడలేదు. ఆడి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది.

ఇక్కడ మీరు అనుకుంటారు, సారు కోటు విడిచిపెట్టాడు, ఖద్దరు కట్టాడు, కథ కంచికి అని. నేనూ అట్లాగే చేశాను. కోటు పెట్టెలో పెట్టి ముతక ఖద్దరు అంగీ, చెప్పులు మొదలుపెట్టాను. మంచి పేరు వచ్చింది. "సారు ఎంత నిరాడంబరంగా ఉంటాడో" అన్నారు. మా విభాగంలోనే ఒక సహాధ్యాపకుడు ఉండేవాడు. రోజూ ఇస్త్రీ చేసిన సూటు, టై, మెరిసే బూట్లు. ఎండలో కూడా. ఒకరోజు చాయ్ తాగుతూ, "ఎందుకన్నా ఈ కష్టం? నాలాగ హాయిగా ఉండరాదా?" అన్నాను. ఆయన నవ్వి ఇట్లా అన్నాడు: "తమ్మీ, నువ్వు నలిగిన అంగీ వేస్తే నిరాడంబరం అంటరు. నేను వేస్తే, వీళ్ళు ఇంతే అంటరు. మా వాడకట్టు నుంచి యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. అంబేద్కర్ సూటు ఊరికే తొడగలేదు."

ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. గాంధీ గారు 1921లో మధురైలో చొక్కా విడిచి అంగవస్త్రానికి మారారు. అంబేద్కర్ గారు మూడు ముక్కల సూటు తొడిగారు. ఇద్దరూ పేదవాడి గౌరవం కోసమే మాట్లాడారు. విడిచేయడానికి ఒకరి దగ్గర ఉన్నది, ఇంకొకరి వాళ్ళకు అసలు తొడుక్కోవడానికే హక్కు ఇవ్వనిది. అదీ తేడా. 2014లో వెలువడిన మరో అమెరికా పరిశోధనలో గడ్డం పెంచి టీ షర్టు వేసుకున్న ప్రొఫెసర్‌కు, నున్నగా గీసుకుని టై కట్టిన ప్రొఫెసర్‌కన్నా విద్యార్థులు ఎక్కువ గొప్పతనం ఇచ్చారు. కానీ ఆయన పేరుమోసిన యూనివర్సిటీ ప్రొఫెసర్ అని ముందే చెబితేనే. గొప్పవాడని తెలిశాక మాసిన బట్ట కూడా గొప్పగానే కనిపిస్తుంది. తెలియని చోట అదే బట్ట హాల్ టికెట్ అడిగిస్తుంది.

ఆడవాళ్ళ సంగతి ఇంకా వేరు. విభాగాధిపతిగా ఉన్న మూడేళ్ళు విద్యార్థులు రాసిన అభిప్రాయ పత్రాలు నేనే చదివేవాణ్ణి. మగ అధ్యాపకుల గురించి రాసినవాటిలో పాఠం వేగం, నోట్సు, మార్కులు ఉండేవి. మహిళా అధ్యాపకుల గురించి రాసినవాటిలో వీటితోపాటు చీర రంగు, నగలు, జడ కూడా ఉండేవి. మెచ్చుకుంటూ రాసినవి కూడా ఉన్నాయి. మెచ్చుకోలు అయినంత మాత్రాన అది పాఠం గురించి కాదు కదా. ఒక మేడం బస్సులో చాలా దూరం నుంచి రోజూ వచ్చేవారు. ఒకసారి చుడీదార్ వేసుకొచ్చారు. విద్యార్థులు ఒక్క పూట చూసి మరిచిపోయారు. స్టాఫ్ రూములో మాత్రం వారం రోజులు చర్చ నడిచింది. కేరళలో 2021లో ప్రభుత్వం జోక్యం చేసుకుని, అధ్యాపకురాండ్లను చీరే కట్టుకోవాలని ఏ సంస్థా బలవంతపెట్టరాదని చెప్పవలసి వచ్చింది. ఇరవై ఒకటో శతాబ్దంలో అది ఒక ప్రభుత్వం చెప్పాల్సిన మాటేనా అనిపిస్తుంది. కానీ చెప్పాల్సి వచ్చింది.

పైన తొడుక్కునే పెద్ద బట్ట ఇంకొకటి ఉంది, స్నాతకోత్సవం గౌను. చలిదేశాల్లో, మధ్యయుగపు మఠాల చదువుల నుంచి వచ్చిన దుస్తు అది. మన ఎండల్లో ఆ నల్లగౌను వేసుకుని రెండు గంటలు కూర్చున్నవాళ్ళకే దాని రుచి తెలుసు. అప్పట్లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభకు వెళ్ళిన కేంద్రమంత్రి జైరాం రమేశ్ 2010లో భోపాల్‌లో ఒక స్నాతకోత్సవంలో వేదిక మీదే గౌను తీసేశారు. 2019లో యూజీసీ స్నాతకోత్సవాలకు చేనేత వస్త్రాలు వాడమని విశ్వవిద్యాలయాలకు సూచించింది. మగ్గం వాడల పక్కన పుట్టినవాణ్ణి కాబట్టి ఆ సూచన నాకు నచ్చింది. అయితే కొత్తవాడ జంఖానా కప్పుకుని పట్టా తీసుకోమని మాత్రం ఎవరినీ అడగను, బరువు ఎక్కువ.

మరి చివరికి నేనేం నేర్చుకున్నాను? కోటులో తప్పు లేదు. ఖద్దరులో పుణ్యమూ లేదు. నేను కోటు తొడుక్కున్నది పిల్లల కోసం కాదు, నేను ఎక్కడినుంచి వచ్చానో కనబడకుండా ఉండటానికి. తప్పు అక్కడుంది. అందుకే 1991 తర్వాత రెండు నియమాలు పెట్టుకుని పదవీ విరమణ దాకా పాటించాను.

మొదటిది, ప్రతి ఏడూ మొదటి క్లాసులో సిలబస్ కన్నా ముందు చెప్పేవాణ్ణి: "మా ఇల్లు కాశిబుగ్గ. మా నాయిన జంఖానాలు నేస్తడు. రాత్రి పని చేసి వచ్చేవాళ్ళు ఎవరన్నా ఉంటే, క్లాసు అయినంక వచ్చి నాతో ఒక మాట చెప్పండి." నాయిన పోయాక "నేసేవాడు" అని మార్చాను. మొదటి ఏడాది ముగ్గురు వచ్చారు. ఒకరు హోటల్లో, ఒకరు ఎస్‌టీడీ బూత్‌లో, ఒకరు మార్కెట్‌లో పనిచేసేవాళ్ళు. ఆ తర్వాత ఎవరూ రాని ఏడాది ఒక్కటి కూడా లేదు. నాలుగేళ్ళు నా క్లాసులో అట్లాంటివాళ్ళు కూర్చునే ఉన్నారన్న మాట. నేనే చూడలేదు.

రెండోది, విద్యార్థి బట్టల గురించి నలుగురిలో మాట్లాడకూడదు. తప్పనిసరి అయితే విడిగా పిలిచి, ముందు "తిన్నవా?" అని అడగాలి. చాలాసార్లు దానికి వచ్చిన జవాబుతోనే బట్టల సంగతి మరిచిపోయేవాణ్ణి.

ఇప్పుడు కాలం మారింది. జీన్స్ వేసుకునే అసిస్టెంట్ ప్రొఫెసర్లు, వాళ్ళకన్నా ఖరీదైన బూట్లు వేసుకునే విద్యార్థులు. 2020లో ఆన్‌లైన్ క్లాసులు వచ్చినప్పుడు పైన ఇస్త్రీ అంగీ, కింద లుంగీతో పాఠాలు చెప్పిన మహానుభావుల్లో నేనూ ఒకణ్ణి. అప్పుడు కూడా కొందరు పిల్లలు కెమెరా పెట్టేవాళ్ళు కాదు. మేం మందలించేవాళ్ళం. ఒక అమ్మాయి నాకు విడిగా మెసేజ్ పెట్టింది: "సార్, మాది ఒక్కటే రూము. వెనక అందరు కనబడతరు." హవాయి చెప్పుల నుంచి కెమెరా దాకా వచ్చాం. దాచుకోవాల్సి రావడం మాత్రం పోలేదు.

ఈ బడి నుంచి వెళ్ళి కాలేజీల్లో, యూనివర్సిటీల్లో పాఠాలు చెబుతున్నవాళ్ళు ఇక్కడ ఇరవై మంది దాకా ఉన్నారని కార్యదర్శి చెప్పాడు. మీకు నచ్చింది తొడుక్కోండి. శుభ్రంగా ఉంటే చాలు. మీరు ఏ సందు నుంచి వచ్చారో మాత్రం మొదటి రోజే చెప్పండి. ఇక ఇక్కడ కూర్చున్న పిల్లలకు ఒక మాట. రేపు మీరు పెద్ద చదువులకు వెళ్ళినప్పుడు ఒక కోటు సారు మిమ్మల్ని గద్దిస్తే, తల దించుకుని వెళ్ళిపోకండి. "సార్, ఒక్క నిమిషం" అని మీ సంగతి చెప్పండి. ఆయన ఇల్లు మీ పక్క సందులోనే ఉండవచ్చు.

సంఘానికి నాదొక విన్నపం. యాభై ఏళ్ళ గుర్తుగా నాకు శాలువా కప్పారు, సంతోషం. నా వేళ్ళు ఊరుకోక నలిపి చూశాను. మంచి నేత, చాలా ఉతుకులు ఆగుతుంది. వచ్చే ఏడు నుంచి శాలువాలకు పెట్టే డబ్బును, ఈ బడి నుంచి మొదటిసారి డిగ్రీకి వెళ్ళే పిల్లల్లో అవసరం ఉన్నవాళ్ళకు రెండు జతల బట్టలు, ఒక జత చెప్పుల కోసం తీసిపెట్టండి. ఎవరికిచ్చామో వేదిక మీద చదవకండి. సఫారీ సారు చెప్పినట్టు, ఎవరికీ చెప్పకండి. మొదటి విడతకు నా వంతు ఇవాళే కార్యదర్శి చేతిలో పెడుతున్నాను.